లాయరు ఒకరే... లెక్కలు రెండు!

గుంటూరు మిర్చియార్డులో ఓ కమీషన్ వ్యాపారి ఉన్నారనుకుందాం. సరుకు కొన్న ఎగుమతిదారు ఇచ్చిన చెక్కు బౌన్సయింది. రైతులకు మాత్రం ఆయనే చేతి సొమ్ము చెల్లించి, బాకీ కోసం కోర్టుకెక్కారు. ఆ ఏడాదే ఇంటి వాటాల మీద అన్నదమ్ముల దావా కూడా నడిచింది. లాయరు ఒకరే. గుమాస్తా రెండు ఫీజులూ కొట్టు పద్దులోనే రాశాడు. మరి ఆదాయపు పన్ను లెక్కలో రెండూ చెల్లుతాయా?

చెల్లవు. బాకీ కేసుది వ్యాపార ఖర్చు, తగ్గించుకోవచ్చు. అన్నదమ్ముల తగాదాది సొంత ఖర్చు. నెగ్గినా, ఓడినా అంతే. ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమేనా అన్నదే గీటురాయి. 1961 చట్టంలోని 37(1) సెక్షన్ చెప్పిందీ, 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతున్నదీ అదే.

వ్యాపారానిదైనా అన్నీ చెల్లవు. ఆస్తి హక్కులో లొసుగు సరిచేసుకునేందుకు పెట్టిన సొమ్ము పెట్టుబడేనని 1969లో వి.జగన్మోహనరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పర్చూరులో పత్తి మిల్లు కొన్నవారికైనా అదే సూత్రం.

జీతంలోంచి లాయరు ఫీజు తీసేసుకునే వీల్లేదు. సేద్యం ఆదాయానికి పన్నే లేదు కాబట్టి, గట్టు తగాదా ఫీజును రైతు తగ్గించుకునే చోటే ఉండదు.

వ్యాపారులకు ఇంకో జాగ్రత్త. ఒకరికి ఒకే రోజు రూ.10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు మామూలుగా ఒప్పుకోరు. ఫీజు బ్యాంకు ద్వారా చెల్లించి, ఏ కేసుకో రసీదు మీద రాయించుకోవాలి. అడగడానికి మొహమాటపడితే... ఆ మొహమాటానికీ పన్ను కట్టాల్సిందే!