చేను గాచిన కుక్క



మనుష్యుడు గతించిన యింట దుఃఖించుటకు లోకాచారము పదిదినములు విధించినది. ఎద్దు చచ్చినను రైతును బరామర్శించువారు గలరు. చేను గాచిన కుక్క చచ్చినచో మాత్ర మా యింటి యిల్లాలికి గంట నీరు పెట్టుకొనుటకైన నవకాశము లేదు. ఈ మాసమున నీ విషయమునే మీతో ముచ్చటింప దలచితిని.

మా నెక్కొండ ప్రాంతమున మొక్కజొన్న కంకి పాలు పోసుకొన్నది మొదలు పగలు కోతుల బెడద, రాత్రి యడవిపందుల బెడద. మంచెమీది మనిషి కునుకు తీసినను క్రింది కుక్క కునుకు తీయదు. మా పొరుగున నున్న రైతు గృహిణి యొకతె ప్రతిదినము సద్దిమూటతోపాటు కుక్క ముద్దను వేఱుగ గట్టి చేనికి గొనిపోవుచుండెను. తొమ్మిదేండ్లు చేను గాచిన యా నల్లకుక్క గడచిన వానకాలమున బత్తిచేనిలో రక్తపింజరి కాటునకు బలియయ్యెను. మఱునా డామె యలవాటు చొప్పున రెండు మూటలు గట్టి, రెండవదానిని జూచి కూలబడెనట. "కుక్క కోసం గింత ఏడ్సుడేంది?" అని యింటివారు నవ్విరి. ఆమె నాయొద్దకు వచ్చి, "పంతులమ్మా, నేనేమన్న తప్పు చేస్తున్ననా?" అని యడిగెను.

తప్పు గాదు. భారతమున నింద్రుడు కుక్కను విడిచి రథ మెక్కుమనగా, ఆశ్రయించినదానిని విడిచిన స్వర్గమే నాకు వలదని ధర్మరాజు పలికెను. తమ్ములను విడిచివచ్చితివి గదా యన, వారిని మృతులైన పిదపనే విడిచితిననియు, వారిని బ్రదికించుట తనచేత గాదనియు బదులు చెప్పెను. ఇందొక ధర్మము, ఒక యోదార్పు రెండును గలవు. బ్రదికియున్నంత వఱకు విడువరాదు. పోయినదానిని విడుచుట దోషము గాదు.

ఇది పురాణ మందురేని శాసనమును జూడుడు. కన్నడదేశమున మండ్య ప్రాంతమందలి ఆతకూరులో క్రీ.శ. 949-950 నాటి వీరశిల యొకటి గలదు. గాంగరాజగు బూతుగునివలన మణలేరుడను యోధుడు కోరి పొందిన "కాళి" యను వేటకుక్క యడవిపందితో బోరి, దానిని జంపి తానును మరణించెను. దానికై శిల నిలిపి, పూజకు భూమి నొసంగిరి. ఆ శిల యిప్పుడు బెంగళూరు వస్తుప్రదర్శనశాలయం దున్నది. కత్తిపట్టిన వీరుడు సిగ్గుపడని దుఃఖమునకు గంటె పట్టిన మన మేల సిగ్గుపడవలెను?

కావున, అట్టి కుక్క చనిపోయినచో దిబ్బపై బాఱవేయింపక, బావికి దూరముగ లోతైన గోతిలో బూడ్పింపుడు. పిల్లలతో "ఎక్కడికో పోయిన"దని బొంకకుడు. వారు దినదినము వాకిలి చూచుచునే యుందురు. చేనికి గాపు వలయును గనుక గ్రొత్తపిల్లను దెచ్చుట తప్పదు. మూడు నెలలు నిండగానే పశువైద్యునిచే వెఱ్ఱికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపుడు. పాతదాని పేరు మాత్రము దీనికి బెట్టకుడు. ఆ పేరు కష్టపడి సంపాదించుకొన్నది అదియే.

అత్తలారా, తోడికోడండ్రారా, మీ యింట నెవతె యైన నిట్లు దుఃఖించుచున్నచో నవ్వకుడు. ఆ పూట పొయ్యిదగ్గఱి పని మీ రందుకొనుడు.