కార్డు ఉంటేనే కష్టజీవా?

2020 మార్చి నెలాఖరున కరోనా కారణంగా దేశమంతటా పనులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ప్రభుత్వాలు సాయం ప్రకటించాయి. రాష్ట్ర ప్రభుత్వం బియ్యం కార్డు గల ఒక్కొక్క కుటుంబానికి ఏప్రిల్ మొదటి వారంలో వెయ్యి రూపాయలు ఇంటి గుమ్మం దగ్గరే పంచింది. కేంద్రం జనధన్ ఖాతా గల మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేసింది. మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఉచితంగా ఇచ్చింది. ఈ సాయం వల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిన మాట కాదనలేనిది. అయితే ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వినిపించిన ప్రశ్న ఒకటి నేటికీ అలాగే ఉండిపోయింది. సాయం పని పోయినవారికా, కార్డు ఉన్నవారికా?

పంపిణీకి ఆధారమైన జాబితాలన్నీ కష్టం రాకముందు తయారైనవే. బియ్యం కార్డుకు 2019లో నిబంధనలు పెట్టారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10 వేలు దాటరాదు. మాగాణి మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు మించరాదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపే ఉండాలి. మామూలు రోజులకు ఈ కొలతలు సరిపోవచ్చు. కాని ఒకే పెంకుటింట్లో తండ్రి, ఇద్దరు కొడుకులు వేరుపడి వండుకుంటున్న ఇళ్లు ఏ ఊళ్లో లేవు? పొయ్యిలు మూడు, మీటరు ఒకటి, కార్డు ఒకటి. వచ్చిన వెయ్యి రూపాయలూ ఒక్కటే. మీటరు తిరిగిన లెక్క తెలుస్తుంది గాని, గిన్నె ఖాళీ అయిన సంగతి దానికి తెలియదు గదా!

పలాసలో జీడిపిక్కలు కొట్టి, పప్పు ఒలిచే ఆడకూలీల సంగతీ అంతే. చేసిన పనిని బట్టి కూలి. కార్ఖానా మూస్తే ఆ రోజుకు చేతికి రూపాయి రాదు. అయినా జనధన్ సొమ్ముకు ఎవరూ కూలి పోయిందా అని అడగలేదు, ఖాతా ఏ రకమో చూశారు. మామూలు పొదుపు ఖాతా ఉన్న ఆమెకు 500 రాలేదు. పక్కింటామెకు వచ్చింది. ఇద్దరూ కొట్టేది ఒకే బట్టీ పిక్కలు.

అన్నిటికంటె విచారకరమైనది వలస మత్స్యకారుల పరిస్థితి. ఆ వేసవిలో గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలాది మంది బోట్లలోనే చిక్కుబడిపోయారు. చివరకు ఏప్రిల్ నెలాఖరున బస్సుల్లో తీసుకువచ్చారు. అంతవరకు వారి కార్డు ఇక్కడ, ఆకలి అక్కడ. దేశంలో ఎక్కడైనా రేషను తీసుకునే ఏర్పాటును అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది 2021 జూన్‌లో. అప్పటికి ఏడాది దాటిపోయింది.

వేట నిషేధ భృతిలోనూ ఇదే చిక్కు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఈ తీరంలో వేట ఆపుతారు. అందుకు ఇచ్చే భృతిని 2019లో 10 వేల రూపాయలు చేశారు, 2025లో 20 వేలకు పెంచారు. పెంచడం హర్షణీయమే. కాని అది ఇక్కడి రిజిస్టరయిన పడవల మీద వేటకు వెళ్లేవారి లెక్క. పొట్ట చేతపట్టుకొని పరాయి రాష్ట్రం బోటు మీద కూలికి వెళ్లినవాడు ఆ లెక్కలోకి రాడు. భృతి పెరిగిన కొద్దీ జాబితాకు ఎక్కనివాడికి జరిగే నష్టమూ పెరుగుతుంది.

వలస కూలీల పేర్లు, ఊళ్లు పుస్తకంలో రాసి ఉంచవలసిన బాధ్యత కాంట్రాక్టరుపై పెడుతూ 1979లోనే చట్టం వచ్చింది. ఆ పుస్తకాలు సరిగా రాసి ఉంటే ఎవరు ఎక్కడ చిక్కుకున్నదీ ఒక్క రోజులో తెలిసేది. తెలంగాణ ప్రభుత్వం 2020లో కార్డు లేని ఇతర రాష్ట్రాల కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. మొత్తం చిన్నదే కావచ్చు. కాని మనిషిని పనిచేసే చోటనే లెక్కించడం సాధ్యమేనని దానివల్ల తేలింది.

ఇక కౌలు రైతు గురించి కొత్తగా చెప్పేదేముంది? కేంద్రం ఏటా ఇచ్చే 6 వేలకు భూమి పట్టాయే ఆధారం. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం పొందాలంటే భూయజమాని సంతకం కావాలి. భూమి ఎక్కడ చేజారిపోతుందోనని సంతకానికి వెనుదీసే ఆసాములే ఎక్కువ. పట్నంలో కాపురముండే ఆసామి ఖాతాలో సొమ్ము పడుతుంది, పొలంలో కాలు పెట్టినవాడు చేబదులు వెతుక్కుంటాడు.

ఖజానాకు హద్దుంటుందని, నిబంధన లేకపోతే దొంగ కార్డులు పెరుగుతాయని అధికారులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఉన్నవాళ్ల ఇళ్లలో బియ్యం కార్డులున్న సంగతి ఊరందరికీ తెలిసినదే. అయితే దానికి మందు లేనివాణ్ణి తొలగించడం కాదు. ఆపద వచ్చినప్పుడు పాత కార్డులకు తోడు, పని పోయినవారి పేర్లతో వేరే జాబితా వేయాలి. ఆ పేర్లు గ్రామసభలో బిగ్గరగా చదవాలి. ఎవరు బోటు మీదికి వెళతారో, ఎవరు పిక్కల బట్టీకి వెళతారో ఊరికి తెలియదా? పేరు తీసేస్తే కారణం కాగితం మీద రాసివ్వాలి. సచివాలయం గోడకు అనర్హుల జాబితా అంటించి ఊరుకుంటే, చదువురాని ముసలమ్మ ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ ఏర్పాటు 2021 ఆగస్టులో మొదలయింది. 16 నుంచి 59 ఏళ్ల వారు చేరవచ్చు. గుజరాత్ బోట్లు వానల తరువాత ఆగస్టులో తిరిగి సముద్రంలోకి దిగుతాయి. ఆ ముందు రెండు నెలలు వలస మత్స్యకారులు చాలామంది ఊళ్లోనే ఉంటారు. సచివాలయ సిబ్బంది ఆ రోజుల్లో తీరపు గ్రామాలకు వెళ్లి, ఏ రేవుకు వెళుతున్నారు, ఎవరి బోటు, ఇంటి దగ్గర ఎవరున్నారు అన్నది రాసుకోవాలి. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, ఒక పుస్తకం, రెండు వారాల తిరుగుడు. జిల్లా యంత్రాంగం వచ్చే జూన్‌లోనే ఇది మొదలుపెట్టవచ్చు.