చెయ్యి లోపలికి వెళ్ళేలోగా ప్లగ్గు బయటికి రావాలి

అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు, పాడేరు ప్రాంతాల్లోని వంటిళ్ళకు ఈ హెచ్చరిక. హోమ్‌స్టేలు నడుపుతున్న కుటుంబాలు, రోడ్డు పక్కన బొంగు చికెన్ వండి అమ్ముతున్నవాళ్ళు, ఈమధ్యే మీటరు పెట్టించుకున్న గూడేలవాళ్ళు ముందుగా చదవాలి. చదవడం రానివాళ్ళకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి తరిగే చిన్న కరెంటు చాపర్ ఇంటికి వచ్చిందంటే దానితోపాటు పదునైన కత్తులూ కరెంటూ ఒకే గిన్నె దగ్గరికి చేరినట్టే. పట్నంలో తెగిన వేలికి పావుగంటలో కుట్లు పడతాయి. ఇక్కడ గూడెం నుంచి రోడ్డుకు రావడానికే గంట పట్టవచ్చు.

యంత్రం కొనవద్దని ఎవరికీ చెప్పడం లేదు. పొలం నుంచి చీకటిపడ్డాక వచ్చి, పొయ్యి ముందు కూర్చుని పదిమందికి వండే ఆడమనిషికి అరగంట పని తగ్గుతుందంటే ఆ యంత్రం రావాల్సిందే. అది ఆమె వేళ్ళు తీసుకోకూడదు, అంతే.

చాపర్ మూత తీసి ఒకసారి లోపలికి చూడండి. గిన్నె మధ్యలో నిలువుగా ఒక పుల్ల ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ గొట్టం, ఆ గొట్టానికి పైనొకటి కిందొకటి వంపు తిరిగిన కత్తులు. చాలావాటిలో ఈ గొట్టం పుల్ల మీద ఊరికే కూర్చుని ఉంటుంది, బిగించి ఉండదు. గిన్నెను వంచి తరిగిన ముక్కల్ని పళ్ళెంలోకి దులుపుతుంటే కత్తి కూడా వాటితోపాటు జారి వస్తుంది. జారేదాన్ని పట్టుకోబోవడం చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. అరచెయ్యి తెగేది అప్పుడే. కాబట్టి ముందు ప్లగ్గు తీయాలి. తర్వాత గొట్టాన్ని పైకొసన పట్టుకుని కత్తిని బయటికి తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాతే గిన్నె వంచాలి.

కత్తిపీట దగ్గర మన చేతులకు తరాల అనుభవం ఉంది. పదును ఎటుందో కంటికి కనిపిస్తుంది, కత్తి కదలదు, కదిలేది మన చేతిలోని కూరగాయే. చాపర్‌లో అంతా తలకిందులు. కదిలేది కత్తి. అది మూత కింద, ముక్కల మధ్య దాక్కుని ఉంటుంది. మీట మీద చెయ్యి తీసేశాక కూడా ఒకటి రెండు క్షణాలు తిరుగుతూనే ఉండవచ్చు. అంచుకు అంటిన ఉల్లిపొరను వేలితో తోయబోయేవాళ్ళు ఆ రెండు క్షణాలు ఆగరు. అందుకు చెక్క గరిటె వాడండి. కడిగేటప్పుడు కత్తిని సబ్బునీళ్ళ గిన్నెలో పడేయకండి. నురుగులో అది కనిపించదు, తోమడానికి చెయ్యి పెట్టినవాళ్ళకు రక్తం వచ్చాకే తెలుస్తుంది. వాడిన వెంటనే విడిగా, బ్రష్షుతో కడిగి, పిల్లలకు అందని డబ్బాలో పెట్టండి.

ఇక్కడి కరెంటు తీరు తెలిసినవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. గాలివాన వస్తే కరెంటు పోతుంది. మిక్సీ అయినా, స్విచ్చుతో తిరిగే చాపర్ అయినా, పని మధ్యలో ఆగిపోగానే మూత తీసి లోపల చెయ్యి పెడతాం. స్విచ్చు ఆన్‌లోనే ఉందని గుర్తుండదు. కరెంటు ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పి రాదు. మూత సరిగ్గా బిగిస్తే తప్ప తిరగకుండా మంచి యంత్రాల్లో ఏర్పాటు ఉంటుంది. కొనేముందు దుకాణంలోనే పరీక్షించండి: ఖాళీ గిన్నెతో, మూత బిగించకుండా, చేతులు దూరంగా ఉంచి దుకాణదారుణ్ణి మీట నొక్కమనండి. కత్తి తిరిగితే ఆ యంత్రం మీ ఇంటికి వద్దు. ఇంట్లో ఉన్నదానికి మూత చెవి విరిగిపోతే పుల్ల దోపి తిప్పకండి.

ఇక కరెంటు. మన పక్కనే మాచ్‌ఖండ్‌లో 1955లో జలవిద్యుత్తు మొదలైంది. సీలేరు నీళ్ళూ కరెంటు ఇస్తున్నాయి. ఆ కరెంటు కొండల మీదుగా మైదానాలకు పోయింది, కింద ఉన్న ఎన్నో గూడేలు మాత్రం దశాబ్దాలపాటు కిరసనాయిలు దీపాలతో గడిపాయి. తీగ ఆలస్యంగా వచ్చింది. ఒక బల్బుకూ ఒక సెల్‌ఫోను చార్జింగుకూ సరిపడేలా ఇంట్లో వైరింగు జరిగింది. ఇప్పుడు ఆ ఒక్క సాకెట్టుకే ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి మిక్సీ, చాపర్, నీళ్ళు కాచే రాడ్డు అన్నీ నడుపుతున్నారు.

మీ గోడమీది సాకెట్టు చూడండి. మూడు రంధ్రాలుంటాయి. పైనున్న పెద్ద రంధ్రం ఎర్తుది. చాలా ఇళ్ళలో ఆ రంధ్రం వెనక తీగే ఉండదు. ప్లగ్గుకు మూడు పిన్నులున్నా, సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా, కరెంటు లీకైతే భూమిలోకి పోయే దారి లేదు. దారి లేని కరెంటు మిక్సీ ఒంటి మీద కాచుకుని ఉంటుంది. తడి చేత్తో, మట్టి అలికిన తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి ముట్టుకున్న మనిషే దానికి దారి అవుతుంది. కొందరు ప్లగ్గు విరిగితే తీగ కొసలు రెండూ రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలతో బిగిస్తున్నారు. ఈ ఒక్క పని ఈరోజే మానుకోండి.

ఫ్యూజు ఉంది కదా అనుకోవద్దు. ఇంటి ఫ్యూజు కొన్ని ఆంపియర్లు దాటితేనే కాలుతుంది. అది తీగను కాపాడడానికి పెట్టినది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు కొంచెం పక్కదారి పట్టగానే రెప్పపాటులో లైను తెంచేస్తుంది. చాపర్ కంటే దాని ఖరీదు ఎక్కువే కావచ్చు. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు ఇదే కొనండి, ఉల్లిపాయలు ఇంకో ఏడాది కత్తిపీట మీదే తరగండి. దీనితోపాటు ఎర్తు గొయ్యి తీయించండి. రెండున్నర మీటర్ల పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. రాతినేలలో ఎర్తు సరిగా పట్టదు, అందుకని గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చెమ్మ చోటు చూసి తవ్వించండి. వేసవిలో ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తుండాలి.

చిన్న చాపర్లు కొన్నిటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. వాటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటే రెండు పొరల రక్షణ ఉన్నట్టు, ఎర్తు అవసరం లేదు. ఆ రక్షణ యంత్రం పొడిగా, పగుళ్ళు లేకుండా ఉన్నంతవరకే. మోటారున్న పైభాగాన్ని కుళాయి కింద కడిగితే అది పోతుంది. తడిగుడ్డతో తుడవండి, చాలు.

మన పొలంలో పండిన ఎండు పసుపు కొమ్ములు, శొంఠి, నాటుకోడి ఎముకలు చాపర్‌లో వేయకండి. అవి రోలుకో మిల్లుకో పోవలసినవి. చాపర్ మోటారు నిమిషం లోపు పనికి తయారైనది, ఆపకుండా తిప్పితే కాలిన వాసన వస్తుంది. గట్టివాటికి కత్తి చిట్లుతుంది, చిట్లిన ముక్క కూరలో కలుస్తుంది. అమెరికాలో 2016 డిసెంబరులో కుసినార్ట్ కంపెనీ ఫుడ్ ప్రాసెసర్ల కత్తులు సుమారు 80 లక్షలు వెనక్కి పిలిపించారు. రివెట్లతో బిగించిన కత్తులు పగిలి ముక్కలు తిండిలో పడుతున్నాయని 69 ఫిర్యాదులు, అందులో 30 నోళ్ళు కోసుకుపోయినవో పళ్ళు దెబ్బతిన్నవో. పేరున్న కంపెనీ, లెక్క రాసుకునే ప్రభుత్వం ఉన్నచోట అది బయటపడింది. సంతలో కొన్న పెట్టె మీద తయారీదారు చిరునామా కూడా లేకపోతే మీరు ఎవరికి ఫిర్యాదు చేస్తారు? ఐఎస్ఐ గుర్తు, కింద లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూడవచ్చు, చదువుకునే పిల్లలు ఆ పని చేసిపెడతారు.

చార్జింగుతో నడిచే చాపర్లలో షాక్ భయం తక్కువ, కత్తి భయం అంతే. దానికితోడు లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. పొయ్యి పక్కన చార్జింగు పెట్టకండి, రాత్రంతా వదిలేయకండి. బ్యాటరీ ఉబ్బితే వాడకండి.

తెగిందే అనుకోండి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు, కిరసనాయిలు ఏదీ పెట్టకండి. ఉంగరాలు, గాజులు వెంటనే తీయండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉంచి, మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు పట్టుకోండి. వేలు వంగకపోయినా, కొస తిమ్మిరెక్కినా నరమో కండర తాడో తెగి ఉండవచ్చు. రక్తం ఆగినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, టీటీ సూది వేయించుకోవాల్సిందే. వేలు ఊడిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు నీళ్ళలో పెట్టండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు. అరకు నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాదాపు 115 కిలోమీటర్లు, అందులో కొంతభాగం ఘాట్ రోడ్డు. చల్లగా ఉంచితే అంతదూరం తర్వాత కూడా అతికించే అవకాశం ఉంటుంది. వాహనం వెతకడానికి ముందే 108కి ఫోను చేయండి.

షాక్ కొట్టి మనిషి యంత్రానికి అతుక్కుపోతే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ దొరక్కపోతే ఎండిన కర్రతో తోయండి. పెరట్లో చేతికందేది వెదురే, కానీ పచ్చి వెదురులో నీరుంటుంది, కరెంటు దానిలోంచి పాకుతుంది. పూర్తిగా ఎండినదే పనికొస్తుంది. తేరుకున్నవాళ్ళనైనా ఆరోజే డాక్టరుకు చూపించండి. గుండె దెబ్బ పైకి కనిపించదు.

పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)నూ, విద్యుత్తు పంపిణీ సంస్థనూ అడుగుతున్నాం. గూడేనికి తీగ లాగి మీటరు బిగించడంతో మీ పని అయిపోలేదు. మీటరు ఉన్న ప్రతి ఇంటికీ ఎర్తు, ఆర్‌సీసీబీ ప్రభుత్వ ఖర్చుతో పెట్టించండి. హోమ్‌స్టేలకూ ఆశ్రమ పాఠశాలల వంటశాలలకూ ముందు పెట్టించండి. పెట్టెల్లో వచ్చే ఇంగ్లీషు కాగితం ఇక్కడ ఎవరికీ అక్కరకు రాదు. ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల సమావేశాల్లో కత్తి ఎలా తీయాలో, ప్లగ్గు ఎప్పుడు పీకాలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళ భాషలో యంత్రం చేత పట్టుకుని చూపించాలి. సంతలో అమ్మేవాళ్ళూ అమ్మేముందు అదే చేయాలి. ఇంట్లో సాకెట్టు వేడెక్కుతున్నా, యంత్రం ముట్టుకుంటే చురుక్కుమన్నా ఇక దాన్ని వాడకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. లోపం బయటి లైనులో ఉంటే 1912కు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.