జవాను కారు అద్దెకిస్తే లాభమెంత? ముప్పెంత?

సరిహద్దులో కాపలా కాసే జవానుకు ఏడాదికి దక్కేది 60 రోజుల వార్షిక సెలవు, మరో 30 రోజుల క్యాజువల్ సెలవు. అదీ మంజూరైతేనే. మిగిలిన తొమ్మిది నెలలూ అతడి కారు ఇంటి ముందు బరకం కప్పుకుని పడి ఉంటుంది. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా కట్టవలసిందే. బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి బిడ్డలను పంపుతున్న మాధవరం మన జిల్లాలోనిదే. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. ఊరికే నిలిచిన కారును సెల్‌ఫోన్ యాప్ ద్వారానో, తెలిసినవారి మాట మీదనో అద్దెకిస్తే వాయిదా గట్టెక్కుతుందని, బండి కూడా నడకలో ఉంటుందని ఆశపడటం సహజం. పెళ్లికో ఆసుపత్రికో కారు కావలసిన ఇరుగుపొరుగుకూ మేలే.

అయితే రెండో వైపు కూడా చూడాలి. తెల్ల నంబరు ప్లేటు కారు సొంత వాడకానికే. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. కార్లు అద్దెకిచ్చేందుకు 1989లో కేంద్రం తెచ్చిన పథకమేమో కనీసం 50 కార్లున్న సంస్థల కోసం రాసినది. ఒక్క కారున్న జవానుకు అందులో చోటేదీ?

బీమా సంగతి మరీ ముఖ్యం. సొంత వాడకం పాలసీ అద్దె ప్రయాణానికి వర్తించదు. ప్రమాదం జరిగితే కారు నష్టం యజమానిదే. గాయపడినవారికి చెల్లించిన పరిహారాన్ని కూడా కంపెనీ అతడి నుంచే రాబట్టుకోవచ్చు. అన్నిటికీ మించి, అద్దెకు తీసుకున్నవాడు అందులో గంజాయి తరలించి పట్టుబడితే కారు జప్తవుతుంది. తనకు తెలియదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ యజమానే రుజువు చేసుకోవాలి. అతడు ఎక్కడో మంచుకొండల్లో ఉంటే స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరగవలసింది భార్య, ముసలి తల్లిదండ్రులు.

నెలకు వచ్చే నాలుగు డబ్బులకు ఇంత ముప్పు తగదు. అవసరానికి అయినవారికి ఇవ్వదలిస్తే అద్దె పుచ్చుకోకుండా, లైసెన్సు చూసి మరీ ఇవ్వాలి. మైనర్లకు తాళం ఇవ్వనే కూడదు. సైన్యం కాగితాలు, యూనిఫారం కారులో ఉంచరాదు. అద్దె ఆదాయమే కావాలంటే ట్యాక్సీగా రిజిస్ట్రేషను మార్పించి, పర్మిట్, తగిన బీమా తీసుకోవడమే దారి.

రవాణా శాఖ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కలిసి ఇటువంటి గ్రామాల్లో ఒక పూట సమావేశం పెట్టి ఈ సంగతులు విడమర్చి చెప్పాలి. ఒక్క కారున్నవారు కూడా చట్టబద్ధంగా అద్దెకిచ్చుకునే మార్గాన్ని ప్రభుత్వం ఆలోచించాలి. దేశానికి కాపలా కాసేవాడి ఇంటిని చిక్కుల్లో పడకుండా చూడటం మనందరి బాధ్యత.