గుడ్డికొంగ చూస్తూనే ఉంటుంది

ఉగాది క్యాలెండర్‌కి పక్షుల ఫొటోలు పంపమంటే గ్రూపులో నలభైకి పైగా వచ్చాయి. సంతోషం. అయితే అన్నిటికన్నా ఎక్కువ లైకులు పడ్డ రెండు ఫొటోలు క్యాలెండర్‌లో వేయకూడదని మా అభిప్రాయం. పంపినవాళ్లు మనవాళ్లే, కోపం తెచ్చుకోకుండా చదవండి.

మొదటిది పులికాట్‌లో తీసింది. వందల ఫ్లెమింగోలు ఒక్కసారిగా గాల్లోకి లేచిన దృశ్యం. చప్పట్లు కొట్టి లేపామని పంపినవారే సరదాగా రాశారు. దాచుకోవడం దేనికి, మూడేళ్ల కిందట అక్కడే మేమూ ఆ పని చేశాం. లోతు లేని నీళ్లలో తల కిందులుగా పెట్టి, ముక్కుతో నీటిని వడగట్టుకుని తినే పక్షి అది. మనం లేపిన ప్రతిసారీ దాని తిండి ఆగిపోతుంది, ఒంట్లో ఉన్న కాస్త శక్తీ ఖర్చవుతుంది. ఆ రోజు మాకు దొరికింది మాత్రం తోకల ఫొటోలే!

రెండోది నేలపట్టులో, కడప చెట్టు మీది గూడబాతు గూడు, బాగా దగ్గరినుంచి. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు కాచుకుని ఉంటాయి. మనం తుపాకీ పట్టలేదు కదా అనుకుంటాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం అడవి పక్షుల గూళ్లను చెదరగొట్టడాన్ని కూడా వేట కిందే లెక్కేసింది.

మరి ఏది వేయాలి? ఏడే ఏడు లైకులు వచ్చిన పళ్లికరణై గుడ్డికొంగ ఫొటో. నీటి ఒడ్డున కదలకుండా నిలబడుతుంది కాబట్టి దానికి కళ్లు కనిపించవని మన పెద్దలు ఆ పేరు పెట్టి ఉంటారు. ఈ ఫొటోలో అది నేరుగా మనవైపే చూస్తోంది, ముక్కుకి అటొకటి ఇటొకటి పసుపు పచ్చని కళ్లు.

ఎదురుగా తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకే తెలుసు. పక్కనుంచి తీస్తే కన్నూ ముక్కూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. ఎదురుగా అయితే ముక్కు ముందుకొస్తుంది, కన్ను వెనక ఉండిపోతుంది. 500 ఎంఎం లెన్సుతో, ఎఫ్/4 దగ్గర, పది మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. కెమెరా ముక్కు కొనను పట్టుకుందా, కన్ను మసకే. అందుకే ఫోకస్ కంటి మీదే పెట్టాలి, ఎఫ్/8కి మార్చాలి. షట్టర్ వేగం తగ్గినా గుడ్డికొంగ కదలదు కాబట్టి సరిపోతుంది. అడుగు పొడవు ముక్కున్న గూడబాతుతో ఈ ఆటలు సాగవు.

అన్నిటికీ మించి, అది తనంతట తానే మనవైపు తిరగాలి. ఈల వేస్తే తిరుగుతుంది, మరుక్షణం ఎగిరిపోతుంది. కూర్చోవాలి. ఈ ఫొటోకి రెండు గంటలు పట్టిందట.

వెనకాల జమ్ము పచ్చగా కరిగిపోయినట్టుంది కదా, నేల మీద కూర్చుని తీసినందుకే అలా వచ్చింది. నిలబడి తీస్తే ఒట్టి బురదే కనిపించేది. మూలన అపార్ట్‌మెంటు ముక్క ఒకటి పడింది, చెరిపేయమని ఒకరు సలహా ఇచ్చారు. మేము వద్దంటాం. 2022లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఈ చిత్తడి నేలకు ఒకవైపు భవనాలు, ఇంకోవైపు పెరుంగుడి చెత్తదిబ్బ ఉన్నాయి. కొంగ వాటి మధ్యే బతుకుతోంది. ఫొటోలో అడవి సృష్టించడం దేనికి?

గడువు ఇంకా పది రోజులుంది. ఆదివారం తెల్లవారక ముందే మేము పళ్లికరణై వెళ్తున్నాం. వచ్చేవాళ్లు చాప, మంచినీళ్లు తెచ్చుకోండి. తెల్లచొక్కాలు వద్దు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. పిల్లల్ని తీసుకురావచ్చా అని అడిగారు, తప్పకుండా తీసుకురండి, పెద్దవాళ్లకన్నా వాళ్లే కుదురుగా కూర్చుంటున్నారు.