పాత వెర్షన్‌కి ఎన్నాళ్లీ పెట్టుపోతలు?

రావులపాలెం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అరటి మార్కెట్టు. జాతీయ రహదారి మీద గౌతమి వంతెన దిగగానే కోనసీమకు తలుపు తీసే ఊరు కూడా అదే. అక్కడ చదువుకుని హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. అలాంటివాళ్లు కొందరు 2009 ప్రాంతంలో తమ హైస్కూలు పూర్వ విద్యార్థుల కోసం తెలుగులో ఒక వెబ్‌సైటు పెట్టుకున్నారనుకుందాం. పదో తరగతి గ్రూపు ఫొటోలు, లెక్కల మాస్టారి చమత్కారాలు, వార్షికోత్సవంలో వేసిన నాటకం, మధ్యలో దాటిపోయిన స్నేహితుల మీద నాలుగు మాటలు... అన్నీ అందులోనే. సైటు కట్టింది ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. ఉచితంగా దొరికే వర్డ్‌ప్రెస్ తెచ్చి, ఏడాదికి కొద్దిపాటి అద్దె తీసుకునే సర్వర్లో పెట్టి, రెండు రోజుల్లో పని ముగించాడు. తర్వాత అతనికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. సైటు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఒకరోజు తెరిచి చూస్తే తెల్లటి పేజీ. ఒక్క అక్షరం లేదు. ఎవరూ దాన్ని చెరపలేదు, దొంగలు పడలేదు. సర్వర్ల కంపెనీవాళ్లు రాత్రికి రాత్రి ఒక భాషను కొత్త వెర్షన్‌కి మార్చారు, అంతే!

ఆ భాష పేరు పీహెచ్‌పీ. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామరు తన సొంత అవసరాల కోసం రాసుకుని, 1995లో బయటపెట్టిన చిన్న ఉపకరణాలతో మొదలై, ప్రపంచంలో అత్యధిక సైట్లను నడిపించే స్థాయికి వచ్చింది. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా, తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ అన్నీ దీనితో రాసినవే. అన్నీ ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

మనుషుల భాషలాగే ఇదీ మారుతుంది. తేడా ఏమిటంటే, మన భాషలో పాత మాట వాడితే ఎదుటివాడు నవ్వుకుని అర్థం చేసుకుంటాడు. కంప్యూటరు అలా కాదు, నోరు మూసుకుంటుంది. డేటాబేసులోంచి వ్యాసాలు తెమ్మని అడగడానికి పీహెచ్‌పీలో పాత ఆజ్ఞలు కొన్ని ఉండేవి. 2013లో వచ్చిన 5.5 వెర్షన్‌లో ‘ఇక వీటిని వాడకండి’ అని హెచ్చరించారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో వాటిని పూర్తిగా తీసేశారు. పాత ఆజ్ఞలతోనే ఉండిపోయిన సైటు కొత్త వెర్షన్ మీద తెల్లబోయిందంటే కారణం అదన్నమాట.

అలాగని పాత వెర్షన్‌నే అట్టేపెట్టుకుంటే? భాషను తయారుచేసేవాళ్లు కొన్నేళ్ల తర్వాత పాత వెర్షన్‌కు మరమ్మతులు ఆపేస్తారు. ఆ తర్వాత బయటపడిన కన్నాన్ని వాళ్లు పూడ్చరు. దాని చిరునామా మాత్రం దొంగలందరికీ తెలిసిపోతుంది. మాస్టారి ఫొటో పక్కన జూదం ప్రకటనలు మొలుస్తాయి, సభ్యుల ఈమెయిళ్లు ఎవరి చేతిలోనో పడతాయి.

వర్డ్‌ప్రెస్ లాంటివి రాసేవాళ్ల సంకటం ఇక్కడే మొదలవుతుంది. పాత వెర్షన్‌ను వదలకపోతే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే. రాసిన ప్రతి ముక్కనూ పాత, కొత్త వెర్షన్లన్నిటి మీదా పరీక్షించాలి, కొత్త సదుపాయం ఒక్కటీ వాడకూడదు. వదిలేస్తే లక్షల సైట్లు వెనకబడిపోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం!

ఈ గొడవ మొదటిసారి ముదిరింది పీహెచ్‌పీ 4 దగ్గర. అది 2000లో వచ్చింది, 2004లో 5 వచ్చింది. ఏళ్లు గడిచినా జనం 4 వదల్లేదు. సర్వర్ల కంపెనీలను అడిగితే ‘ప్రోగ్రాములన్నీ 4 మీదే నడుస్తున్నాయి కదా, మార్చడం ఎందుకు?’ అన్నాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లను అడిగితే ‘సర్వర్లన్నిటిలో 4 ఉంది కదా, వదలడం ఎలా?’ అన్నారు. ముందు నువ్వంటే ముందు నువ్వు. 2007లో ద్రూపల్, పీహెచ్‌పీ మైఅడ్మిన్ వంటి ప్రాజెక్టులు కొన్ని కలిసి గోపీహెచ్‌పీ5 పేరుతో ఒక మాట మీదికొచ్చాయి. 2008 ఫిబ్రవరి 5 తర్వాత విడుదల చేసే కొత్త వెర్షన్లకు పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి అని ప్రకటించాయి. 2007 జులైలో పీహెచ్‌పీ తయారీదార్లు కూడా 4కు ఆ ఏడాది చివరితో మామూలు మరమ్మతులు ఆగిపోతాయని, అత్యవసర మరమ్మతులు 2008 ఆగస్టు 8 వరకేనని చెప్పేశారు. ఒక్కరే చెబితే మొండితనం, పదిమంది కలిసి తేదీ చెబితే కట్టుబాటు. ఆ పని భేషైనదే.

వర్డ్‌ప్రెస్ మాత్రం ఆ జట్టులో కలవలేదు. వాడుకరుల్లో ఎంతమంది ఏ వెర్షన్ మీద ఉన్నారో లెక్క చూసుకుంటూ కూర్చుంది. 5.2 కంటే పాతవాటి మీద ఉన్నవాళ్లు దాదాపు 11 శాతానికి తగ్గారని తేలాక, 2010లో ఇక వదిలేస్తామని ప్రకటించి, 2011 జులైలో వచ్చిన 3.2 వెర్షన్‌తో నిజంగానే వదిలింది. అప్పటికి పీహెచ్‌పీ 4 పోయి మూడేళ్లు కావస్తోంది. తమాషా ఏమిటంటే, కొత్తగా తప్పనిసరి చేసిన 5.2కు కూడా ఆ ఏడాది జనవరిలోనే మరమ్మతులు ఆగిపోయాయి. ఆ 5.2ను పట్టుకుని మళ్లీ 2019 మే వరకు, అంటే దాదాపు ఎనిమిదేళ్లు వేలాడింది. ఒక్క వాడుకరి కూడా నొచ్చుకోకూడదన్న మంచితనమే కావచ్చు. ఎనిమిదేళ్లంటే మాత్రం మంచితనం కాదు, బద్ధకానికి రక్షణ. వర్డ్‌ప్రెస్ అడగనంతకాలం సర్వర్ల కంపెనీలకు తొందరేముంటుంది?

మన తెలుగుకు ఇందులో ప్రత్యేకంగా ఒక నష్టం ఉంది. ‘రావులపాలెం’ అని రాస్తే మన కంటికి కనిపించేవి ఐదు అక్షరాలు. కంప్యూటరు లోపల యూనికోడ్‌లో గుణింతం గుర్తులు విడివిడిగా ఉంటాయి కాబట్టి అవి పది సంకేతాలు. ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం ముప్పై బైట్లు. పీహెచ్‌పీలో మామూలుగా పొడవు కొలిచే ఆజ్ఞ లెక్కపెట్టేది బైట్లనే. ‘శీర్షికలో మొదటి 20 చూపించు’ అంటే అది ‘రావులప’ దాకా వచ్చి, తర్వాతి గుర్తును నిలువునా కోసేస్తుంది. ఆ తెగిన చోట ప్రశ్నార్థకమో, నల్లటి డబ్బానో. ఇంగ్లిష్‌లో రాసేవాడికి ఈ బాధే తెలియదు, ఒక అక్షరానికి ఒక బైటే కదా!

దీన్ని మొదలంటా సరిచేయాలనే పీహెచ్‌పీ 6 తలపెట్టారు. భాష లోపలే యూనికోడ్ ఉండాలన్నది సంకల్పం. ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 2010లో చేతులెత్తేశారు. అందుకే 5 తర్వాత 7 వచ్చింది, 6 లేదు. అయినా మేలు ముక్కలుగా వచ్చింది. కంటికి కనిపించే అక్షరాల లెక్కన కొలిచే సదుపాయం 2009 నాటి 5.3తో ఓ అనుబంధంగా చేరింది. 2024 నవంబరులో వచ్చిన 8.4లోనైతే మాటను అలాంటి అక్షరాలుగా విడదీయడానికి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞే పెట్టారు. 5.2 మీద ఉన్నవాడిని కూడా మోస్తూ ప్రోగ్రాము రాసేవాడు వీటిని నమ్ముకుని రాయలేడు. పాతవాళ్ల మీద దయ పేరుతో తెలుగు చదివేవాడు కొన్నేళ్లపాటు ప్రశ్నార్థకాలు చదివాడు.

అయితే మారినా చిక్కే. పాత సైట్లలో చాలావాటికి డేటాబేసును పడమటి యూరప్ లిపికి అమర్చి వదిలేశారు. తెలుగు బైట్లు అందులో ఎలాగో ఇరుక్కుని కూర్చున్నాయి. కొత్త సర్వరుకు మార్చేటప్పుడు ఈ సంగతి చెప్పకపోతే తెలుగంతా పోయి, నెత్తిన గీతలున్న ఇంగ్లిష్ ‘ఏ’లు, పక్కన డిగ్రీ గుర్తులు వరసగా ప్రత్యక్షమవుతాయి. తొలినాళ్ల తెలుగు బ్లాగర్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. సరిచేయవచ్చు, తెలిసినవాళ్లుండాలి. పాత కాపీ మీద మరో కాపీ రాసేస్తే అదీ కష్టమే.

కాబట్టి ఎప్పుడు వదలాలన్నదొక్కటే కాదు, ఎలా వదిలారన్నదీ చూడాలి. అరటి తోటలో గెల కోశాక తల్లిచెట్టును వెంటనే మొదలంటా నరికెయ్యకుండా కొంతకాలం ఉంచితే, అందులోని సారం పక్కన ఎదిగే పిలకకు అందుతుందంటారు. అలాగని ఎప్పటికీ ఉంచుకునేదీ కాదు.

మీడియావికీ దాదాపు ఇదే చేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే, 2006లో వచ్చిన 1.7 వెర్షన్‌తో మీడియావికీ పీహెచ్‌పీ 4ను వదిలేసింది. కానీ 4 మీద ఉండిపోయినవాళ్ల కోసం 1.6కు కొంతకాలం మరమ్మతులు చేస్తూ వచ్చింది. వర్డ్‌ప్రెస్‌కూ 2019 నాటికి ఆ తెలివి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 5.1 నుంచి, ‘మీ పీహెచ్‌పీ పాతబడింది, మీ సర్వరు కంపెనీని ఇలా అడగండి’ అని సైటు యజమానికే చెప్పడం మొదలుపెట్టింది. మేలో వచ్చిన 5.2 వెర్షన్‌లో, ఏదైనా ముక్క చెడితే తెల్ల పేజీతో సరిపెట్టకుండా యజమానికి ఈమెయిలు పంపి లోపలికి రానిచ్చే ఏర్పాటు పెట్టింది. ఆ వెర్షన్‌తోనే కనీస అర్హతను పీహెచ్‌పీ 5.6కు పెంచింది. పాత సర్వర్ల మీద ఉన్నవాళ్లకు కొత్త వెర్షన్ ఇవ్వలేదు గానీ, పాతదానికే భద్రతా మరమ్మతులు పంపింది. 2023 ఆగస్టులో 7.0కు, 2024 జులైలో 7.2కు అర్హతను పెంచుతూ వచ్చింది. ఎనిమిదేళ్లు కదలనిది ఏడాది తేడాతో కదిలింది.

భాష తయారీదార్లు మరమ్మతులు ఆపే తేదీ ముందే తెలుస్తుంది. ప్రోగ్రాము రాసేవాళ్లు దాని మీద ఓ ఏడాది వాయిదా ఇచ్చి, ఆ తేదీ మీద నిలబడితే చాలు. ఉచితంగా రాసిపెట్టేవాళ్లను అంతకంటే అడగడం న్యాయం కాదు. ఆ ఏడాదిలో హెచ్చరిక సైటు యజమానికి, అతనికి అర్థమయ్యే భాషలో చేరాలని మాత్రం గట్టిగానే అడగవచ్చు. వర్డ్‌ప్రెస్‌ను తెలుగులోకి అనువదించేది స్వచ్ఛంద కార్యకర్తలే కాబట్టి, ఆ భారంలో కొంత మనమీదా ఉంది.

ఇంట్లోనో, ఊళ్లోనో ఎవరికైనా వర్డ్‌ప్రెస్ సైటు ఉంటే, దాని నిర్వహణ పేజీలో పరికరాల కింద సైటు ఆరోగ్యం అనే విభాగం తెరిస్తే పీహెచ్‌పీ వెర్షన్ కనిపిస్తుంది. 8.2కు భద్రతా మరమ్మతులు 2026 డిసెంబరు 31 వరకు, 8.3కు 2027 చివరి దాకా, 8.4కు 2028 చివరి దాకా అందుతాయి. అంతకంటే పాతదైతే ముందు ఫైళ్లు, డేటాబేసు రెండిటికీ నకలు తీసి వేరే చోట దాచాలి. ఆ తర్వాతే సర్వరు కంపెనీకి ఫోను చేయాలి. సైటు కట్టిన కుర్రాడి నంబరు కూడా దొరికితే మరీ మంచిది. డేటాబేసును ఏ లిపికి అమర్చాడో గుర్తుండే అవకాశం ఉన్నది అతనొక్కడికే.