గుడారం ముందు నిలబడిన ఆడపడుచులు

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. బైబిల్‌లో ఈ అయిదుగురు అక్కచెల్లెళ్ల పేర్లు గుర్తున్న విశ్వాసులు తక్కువే. మనష్షే గోత్రికుడైన సెలోపెహాదు కుమార్తెలు వీరు. తండ్రి అరణ్యంలో చనిపోయాడు, అన్నదమ్ములు లేరు. వాగ్దాన దేశాన్ని గోత్రాలవారీగా పంచబోతున్నారు. కొడుకులు లేని ఇంటికి వాటా లేదన్నది అప్పటి పద్ధతి. ఆ అయిదుగురూ తమ గుడారంలో కూర్చుని ఏడవలేదు. అందరూ కలిసి ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చి, మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడి తమ స్వాస్థ్యం అడిగారు (సంఖ్యా. 27). మోషే వారిని కసరలేదు. ఆడవాళ్లకు ఇక్కడేం పని అనలేదు. వారి మాటను దేవుని సన్నిధికి తీసుకెళ్లాడు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పాడు. ఆ తీర్పే ఇశ్రాయేలీయులందరికీ కట్టడగా మారింది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, అనకాపల్లిలోని మా సంఘంలో కొందరు సోదరీమణులు ఈమధ్య మమ్మల్ని ఒక మాట అడిగారు. ‘‘అయ్యగారూ, మా వీధి ఆడవాళ్లంతా ఒక సంఘంగా కూడుతున్నారు. సారా గురించీ, ఇళ్లలో కొట్టడం గురించీ అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్తారట. మేమూ వెళ్లవచ్చా?’’ అన్నారు. సంఘ పెద్దల్లో కొందరు వద్దన్నారు. అది లోకసంబంధమైన పని, మన పని ప్రార్థన అన్నారు.

ఒకప్పుడు మేమూ అదే అనేవాళ్లం. చాలా ఏళ్ల క్రితం కమిలిన ముఖంతో ఓ సోదరి మా ఇంటికొచ్చింది. ‘‘ఓర్చుకోమ్మా, దేవుడు అతణ్ణి మారుస్తాడు’’ అని చెప్పి, ప్రార్థన చేసి పంపించాం. వారం తిరక్కుండానే ఆమె చెయ్యి విరిగింది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, పోలీసు స్టేషన్లో పక్కన కూర్చుందీ ఏనాడూ చర్చి గడప తొక్కని ఇరుగుపొరుగు ఆడవాళ్లు. మంచి సమరయుని ఉపమానం మేమెన్నిసార్లు బోధించామో! ఆ ఉపమానంలో పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడి చోటే మాదని ఆ రోజు తెలిసింది.

ప్రార్థన వేరు, న్యాయం కోసం తిరగడం వేరు అనేవారు లూకా 18వ అధ్యాయాన్ని మరోసారి చదవాలి. విసుగక ప్రార్థించడం ఎలాగో నేర్పడానికి యేసుప్రభువు ఎంచుకున్న మాదిరి ఎవరు? అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడిచిపెట్టకుండా మాటిమాటికీ వెళ్లి న్యాయం అడిగిన ఒక విధవరాలు!

మన రాష్ట్రంలోనే అలాంటి విధవరాళ్లను, తల్లులను 1990ల మొదట్లో చూశాం. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజులవి. రాత్రి బడుల్లో అక్షరాలతోపాటు ఆడవాళ్లు తమ బతుకులు కూడా మాట్లాడుకున్నారు. పగలంతా పడ్డ కష్టం సాయంత్రానికి సారా అంగడికి పోతోందని లెక్క తేల్చుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, తోటి స్త్రీలు కలిసి తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఊరి కథ పాఠంగా మారి ఇతర గ్రామాలకు చేరింది. ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు, కారం పట్టుకుని అంగళ్లకు అడ్డం నిలిచారు. సారా వేలంపాటలు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. దీన్ని నడిపించింది గొప్ప నాయకులు కాదు, కూలికి వెళ్లే స్త్రీలు.

మన క్రైస్తవ స్త్రీలు కూడా ఇలాంటి పోరాటాలకు రుణపడి ఉన్నారు. 1869 నాటి విడాకుల చట్టంలో భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం చాలదు, దానితోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు కావాలి. స్త్రీలు, స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి అడగగా అడగగా 2001లో ఆ చట్టం మారింది. విడాకులను మేము ప్రోత్సహించం. అయితే ఒకే పాపానికి రెండు త్రాసులు పెట్టుకోవడం దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం మనకు నేర్పలేదా?

అనకాపల్లి బెల్లానికి దేశంలో పేరుంది. అందులో నల్లబెల్లం నాటుసారా బట్టీలకు తరలుతుందని ఇక్కడ తెలియనివారు లేరు. పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో 2022 జూన్, ఆగస్టు నెలల్లో విషవాయువు సోకి వందలాదిమంది మహిళా కార్మికులు ఆస్పత్రుల పాలయ్యారు. వీరిలో మన ఇళ్ల ఆడపిల్లలు లేరా? ఆదివారం మన పక్కన పాడేవారి సోమవారం బాధ మనది కాదని ఎలా అంటాం?

స్త్రీలు బయటికి వెళ్తే కుటుంబాలు చెడిపోతాయని కొందరి భయం. కుటుంబాన్ని చెరుపుతున్నది సీసా, దెబ్బ. వాటిని అడ్డుకునే చెయ్యి కాదు. సంఘంగా మనం చేయగలిగినవి ఉన్నాయి. వారి సమావేశాలకు చర్చి హాలు ఇవ్వవచ్చు. గృహహింస నుంచి రక్షణకు 2005లో వచ్చిన చట్టం గురించీ, 181 నంబరు గురించీ ప్రకటనల సమయంలో చెప్పవచ్చు. కాపరులమైన మేము ‘ఓర్చుకో’ అనే ముందు ‘ఏం జరిగిందమ్మా’ అని అడగాలి. అక్కడికి వెళ్లి నాయకత్వం మాత్రం చేతికి తీసుకోకూడదు. అది వారిదే.

సెలోపెహాదు కుమార్తెల కథ తీర్పుతో ముగిసిపోలేదు. మోషే చనిపోయాక, కనానులో వారు మళ్లీ ఎలియాజరు ముందు, యెహోషువ ముందు నిలబడి దేవుని మాట గుర్తుచేయాల్సి వచ్చింది. స్వాస్థ్యం అప్పుడు చేతికందింది (యెహోషువ 17). మన రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. వచ్చిన న్యాయాన్ని నిలుపుకోవడానికి మళ్లీ మళ్లీ నిలబడాలి.

ఆ సోదరీమణులకు మేము వెళ్లమనే చెప్పాం. వద్దన్న పెద్దలను మోషేను తలచుకోమన్నాం, వారితోపాటు వెళ్లి వెనక నిలబడమన్నాం. మేమూ వెళ్తున్నాం.